పొలమారిన పొద్దులు

కొరాపుట్
ఫిబ్రవరి 19, 2025

పద్మ వదినకి,

నిన్న నాలుగుసార్లు ఫోన్ చేశావు. కావాలనే ఎత్తలేదు. ఫోన్లో అయితే రెండో నిమిషానికి మనిద్దరం అరుచుకుంటాం, పక్కగదిలో అన్నయ్య అంతా వింటాడు. పక్షవాతంతో ఎడమ కాలూ చెయ్యీ, మింగే గొంతూ పడిపోయాయి గాని చెవులు బాగానే ఉన్నాయి. కాబట్టి ఇకమీదట ఏం తిట్టుకున్నా కాగితం మీదే తిట్టుకుందాం. రాయగడ బస్సు కండక్టర్ దుర్గారావు రోజూ మీ కొట్టు ముందునుంచే పోతాడు. జవాబు అతని చేతికియ్యి.

ముందు నా కోపం సంగతి. అన్నయ్య గొంతు కాల్పించడానికి కొరాపుట్ తీసుకొచ్చానని కొట్లో బేరగాళ్ళ ముందు అన్నావట. నారాయణపట్న నుంచి నీకు అల్లం తెచ్చే ముసలాయన పనిగట్టుకుని మా ఇంటికొచ్చి, "ఏటమ్మా, సోమేశ్వరరావు బాబు మెడ కోసీసేరంట కదా" అని నన్ను పరామర్శించాడు. సిగ్గుతో చచ్చిపోయాను వదినా. నీ మొగుడు నాకు తోడబుట్టినవాడు. ఆ మాట అనేముందు అదొక్కటి గుర్తు చేసుకోవాల్సింది.

ఎవరూ ఏమీ కోయడం లేదు, కాల్చడం లేదు. అది పెన్ను లాంటి పరికరం. చివర ఎర్రటి వెలుగు. గడ్డం కింద, మెడకి రెండు వైపులా ఒక్కోచోట ఒక నిమిషం ఆనిస్తారు. వేడి కూడా తగలదు, నా చేతిమీద పెట్టించుకుని చూశాను. కళ్ళకి పడకూడదని పెట్టేవాళ్ళకీ, పెట్టించుకునేవాళ్ళకీ నల్లద్దాలు. ఆ అద్దాల్లో అన్నయ్యని చూసి ఇన్నాళ్ళకి నాకు నవ్వొచ్చింది. తక్కువ శక్తి లేజరట. జబ్బుపడ్డ నరాలకీ కండరాలకీ కాస్త ఊపిరి పోస్తుందని ఆశ. ఆసుపత్రి నుంచి రోజూ మా ఇంటికొచ్చి పెట్టే అమ్మాయి లిప్సా, బొయిపరిగుడ పిల్ల. మింగడం నేర్పించే చదువు చదివింది, నన్ను పిన్ని వరస కలిపి మావుసీ అంటుంది. "మావుసీ, ఇది మంత్రం కాదు. దీనిమీద పరిశోధన ఇంకా చిన్నదే. అసలు పని చేసేది నేను చెప్పే కసరత్తులు, ఇది వాటికి తోడు" అని ముందే చెప్పింది. ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషిని నమ్మకపోతే ఎవర్ని నమ్మను?

మొత్తం ఇరవై సార్లు, నాలుగు వారాలు. అప్పటికీ మింగలేకపోతే ముక్కులో గొట్టం తీసేసి పొట్టకి కన్నం పెట్టి గొట్టం వేస్తామన్నాడు డాక్టరు. మాట ముద్దముద్దగా వస్తుంది కాబట్టి అన్నయ్య పలక మీద "వద్దు" అని రాసి, కింద రెండు గీతలు గీశాడు. నేను పరుగులు పెడుతున్నది ఆ రెండు గీతల కోసం.

లిప్సా పెట్టిన షరతు ఒక్కటే. నోట్లో నీటిచుక్క పడకూడదు. చిక్కటిదైతే నెమ్మదిగా దిగుతుంది, నీళ్ళు మాత్రం పట్టు దొరక్కుండా ఊపిరితిత్తుల్లోకి జారిపోతాయట. మంచినీళ్ళ చెంబు ఆ గదిలోంచే తీసేశాను. అన్నయ్య ఎదుట నేను కూడా తాగను. పొద్దున్నే పూజయ్యాక తీర్థం ఇస్తే కళ్ళకద్దుకుంటాడు, ఆ తర్వాత రోజంతా గొట్టమే. ఇంకో మాట. రోజూ ఆ పూజ వేళకే పొలమారుతుంది. "అదుగో, వదిన తలుచుకుంటోంది" అని నెత్తిమీద తడతాను. తిట్టుకుంటూ తలుచుకుంటున్నావని అన్నయ్యకి చెప్పలేదులే.

పరమేశ్వరి


రాయగడ
ఫిబ్రవరి 22

పరమేశ్వరికి,

అన్నాను. అన్న మాట దాచుకునే అలవాటు నాకు లేదు. ఇక్కడి డాక్టరు మూడు నెలలు ఓపిక పట్టమన్నాడు. పట్టకుండా, నాతో ఒక్కమాట చెప్పకుండా, నేను బరంపురం పెళ్ళికి వెళ్ళిన రెండు రోజుల్లో కారు పెట్టి ఆయన్ని ఎత్తుకుపోయావు. తిరిగొచ్చేసరికి మంచం ఖాళీ. ఇరవైతొమ్మిదేళ్ళు కాపురం చేసినదాన్ని, మా ఆయన ఎక్కడున్నాడో పక్క కొట్టువాడు చెబితే తెలిసింది. దానికి సిగ్గుతో చావాల్సింది ఎవరు?

మొదటి ఫోన్లో ఆయనే తీసుకుపొమ్మన్నారన్నావు. పలక మీద రాశారంటావు. ఆ పలక నాకెందుకు చూపించరు? నాకు రాయడానికి ఆ చెయ్యి ఎందుకు లేవలేదు?

రాలేనని దెప్పుతావు కాబట్టి ముందే చెబుతున్నాను. అల్లం, పసుపు దిగే రోజులు. లారీలు వాకిట్లో నిలబడి ఉన్నాయి. కొట్టు మూస్తే ఆయన ముప్పైయేళ్ళుగా పోగేసుకున్న రైతులు పక్కవాడి దగ్గరికి పోతారు. లేచి తిరిగాక ఆయనకి కొట్టు ఉండాలి కదా.

పరిశోధన చిన్నదని ఆ పిల్లే చెబుతోంటే ఆ ప్రయోగం నా మొగుడి మెడ మీదే జరగాలా? ఆయనకి ఏదైనా అయితే నీ గుమ్మంలో కూర్చుంటాను. ఇది రాతపూర్వకంగా చెబుతున్నాను, దాచుకో.

నేను తలుచుకుంటే పొలమారుతోందట. తలుచుకోక ఏం చేస్తాను.

పద్మకుమారి


కొరాపుట్
మార్చి 6

వదినా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. అన్నయ్య మింగాడు.

పదమూడోసారి లేజర్ పెట్టాక లిప్సా రాగి అంబలి కాయమంది. నేను కాచింది చెంచాతో ఎత్తి వంచి చూసి, జారిపోయిందని మళ్ళీ కాయించింది. రెండోదీ జారింది. "మావుసీ, వంచితే ముద్దలా పడాలి, ధార కట్టకూడదు" అని మూడోసారి కాయించింది. అన్నయ్యని నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కిందికి దించమని, గొంతుముడి మీద రెండు వేళ్ళు పెట్టి అర చెంచా ఇచ్చింది. గొంతుముడి పైకి లేచి దిగింది. అన్నయ్య దగ్గలేదు. అయిదు నిమిషాలు ఆగి ఇంకో అర చెంచా ఇచ్చింది. అదీ దిగింది. అన్నయ్య కళ్ళవెంట నీళ్ళు కారిపోతోంటే తుడుచుకోలేదు. పలక మీద "ఉప్పు తక్కువ" అని రాశాడు.

ఇప్పుడు చెప్పు, గొంతు కాల్పించానా? అల్లం ముసలాయనకి కూడా చెప్పి పంపు. ఎవరెవరి ముందు ఆ మాట అన్నావో వాళ్ళందరి ముందూ ఈ మాట చెప్పాలి. అప్పటిదాకా నీ మీద నా కోపం పోదు.

ఇంకా ఏడుసార్లు ఉంది.

పరమేశ్వరి


కొరాపుట్
మార్చి 11

వదినా,

ఆదివారం నుంచి జ్వరం. నిన్న ఆయాసం ఎక్కువైతే ఆసుపత్రిలో చేర్చాం. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందన్నారు. ఆక్సిజన్ పెట్టారు. నోటిద్వారా వెళ్ళిందేదో దారి తప్పిందట.

నోటిద్వారా వెళ్ళింది ఆ పిల్ల పెట్టిన అంబలే. ఇంకేం వెళ్ళింది? నేను నీటిచుక్క ముట్టనివ్వలేదు. దగ్గుందా అని రోజూ అడిగేది, లేదని చెబుతూనే ఉన్నాను. దగ్గే లేని మనిషికి దాని చెంచా తగిలిన మూడో రోజుకి జ్వరమొచ్చింది.

నువ్వు అన్నదే నిజమైంది. సంతోషమేనా?

పరమేశ్వరి


రాయగడ
మార్చి 12

పరమేశ్వరికి,

సంతోషమా అని అడగడానికి నీకు నోరెలా వచ్చింది?

ఏడవడం తర్వాత. ముందు ఆ పిల్లని వదలకూడదు. ఇంకొకరి మొగుడి గొంతు మీద అది మళ్ళీ చెంచా పెట్టకూడదు. ఇక్కడ ఒడియాలో ఫిర్యాదు రాయించి దుర్గారావుకిచ్చి పంపుతున్నాను. ప్రయోగం చేసిందని, తినే స్థితిలో లేని రోగికి నిర్లక్ష్యంగా తిండి పెట్టి ప్రాణం మీదికి తెచ్చిందని ఉంది. అడుగున మీ అన్నయ్య సంతకం ఉండాలి, రోగి సంతకానికి బలం ఎక్కువట. కుడిచెయ్యి బాగానే ఉంది కదా, తేరుకోగానే పెట్టించు. వాళ్ళ పెద్ద డాక్టరు చేతికే ఇయ్యి, గుమాస్తాలకి కాదు.

ఈ ఒక్క విషయంలోనైనా నా మాట విను.

పద్మకుమారి


కొరాపుట్
మార్చి 20

వదినా,

నీ మాట విన్నాను. అన్నయ్య సంతకం పెట్టాడు. కాగితం చేతికిస్తే చాలాసేపు చదివాడు, పెన్ను పట్టుకుని ఇంకా సేపు కూర్చున్నాడు. "బాగులేదా, తర్వాత పెడతావా" అంటే తల అడ్డంగా ఊపి పెట్టేశాడు. పెద్ద డాక్టరు చేతికే ఇచ్చాను. మూడో రోజున లిప్సాని పనిలోంచి ఆపేశారు. ఆ లేజర్ పెట్టడం వచ్చినవాళ్ళు ఇంకెవరూ లేరు, దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారు.

మొన్న అన్నయ్యని ఇంటికి పంపారు. వచ్చిన పూటే ఆ పిల్ల మా గుమ్మంలోకొచ్చింది. "మావుసీ, పాణి దేలే కి?" నీళ్ళిచ్చారా అని. లేదన్నాను. మళ్ళీ అడిగింది. మూడోసారి అడిగేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇయ్యలేదంటే ఇయ్యలేదు. నీ తప్పు నా నెత్తిన రుద్దడానికొచ్చేవా, నడు" అని తలుపేశాను. కిటికీలోంచి చూస్తే చాలాసేపు రోడ్డు మీదే నిలబడి ఉంది.

పొట్టకి గొట్టం ఏప్రిల్ నాలుగున పెడతామన్నారు. అన్నయ్య ఈసారి పలక మీద గీతలు గీయలేదు. సరే అని తలూపాడు.

మనం గెలిచాం వదినా. నాకు మాత్రం అన్నం సయించడం లేదు.

పరమేశ్వరి


రాయగడ
మార్చి 24

పరమేశ్వరికి,

ఈరోజు కొట్లో టీ తాగుతూ గుమాస్తాని తిడుతున్నాను. పొలమారింది. టీ ముక్కులోకొచ్చింది, కళ్ళు తిరిగిపోయాయి. గుమాస్తా సుబ్బరంగా నవ్వుతూ, "అయ్యగారు తలుసుకుంటున్నారమ్మా" అన్నాడు. నవ్వబోయి ఆగిపోయాను. నన్నెవరూ తలుచుకోలేదు. టీ అడ్డదారిన పడింది, అందుకు పొలమారింది.

ఇంటికెళ్ళి నీ ఉత్తరాలన్నీ తీశాను. మొదటి దాంట్లో నువ్వే రాశావు, రోజూ పొద్దున్నే పూజ వేళకి పొలమారుతుందని. గొట్టంలోంచి తప్ప ఏమీ ఇవ్వని మనిషికి రోజూ ఒకే వేళకి ఏం అడ్డుపడుతుందే? ఆ పై వాక్యం చదువు. తీర్థం.

తీర్థంలో ఏముంటుంది పరమేశ్వరీ? తులసాకు, పచ్చకర్పూరం, మిగతాదంతా నీళ్ళే. ఎన్ని ఉద్ధరిణెలు పోశావు? ఎన్ని రోజులు పోశావు? ఆ పిల్ల మూడుసార్లు అడిగితే మూడుసార్లూ ఎలా లేదన్నావు?

నీ మీద కోపం వస్తోంది. అంతకంటే కోపం నా మీద. ఆ వాక్యం నెలరోజులుగా నా దగ్గరే ఉంది. చదివాను, నన్ను తలుచుకుంటున్నారని మురిసిపోయాను. అక్కడ నేనున్నా రోజూ పోసేదాన్నే.

పద్మకుమారి


కొరాపుట్
మార్చి 25

వదినా,

తీర్థం నీళ్ళా? ఆ మాట అనడానికి నీకు చేతులెలా వచ్చాయి? మా నాన్న ఆఖరి రోజు కూడా తీర్థం పుచ్చుకునే కళ్ళు మూశాడు. జ్వరమొచ్చి లంఖణాలున్నా తీర్థం మానలేదు మా ఇంట్లో. ఉపవాసం నాడు నీళ్ళు ముట్టనివాళ్ళం తీర్థం పుచ్చుకుంటాం. అది ఎవరూ నీళ్ళలో లెక్కెయ్యరు. ఆ పిల్ల నీళ్ళిచ్చావా అని అడిగింది, నేను ఇవ్వలేదన్నాను. అబద్ధం చెప్పలేదు.

పై ముక్క పొద్దున రాశాను. ఇది మధ్యాహ్నం రాస్తున్నాను.

మూడు ఉద్ధరిణెలు వదినా. తీసుకొచ్చిన మర్నాటి నుంచి, ఒక్కరోజు మానకుండా. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళే ఇవ్వలేదు. అక్కడ నిమ్ము తగ్గింది. ఇంటికొచ్చాక మళ్ళీ మొదలుపెట్టాను, ఇవాళ పొద్దున్న కూడా పోశాను. నీ ఉత్తరం దుర్గారావు తొమ్మిదింటికి తెచ్చాడు.

దగ్గుందా అని అడిగితే లేదన్నాను. పొలమారడం దగ్గని నాకు తోచలేదు. పొలమారిన ప్రతిసారీ నెత్తిమీద తట్టి నవ్వించాను. నా అన్నయ్య ఊపిరితిత్తుల్లోకి నా చేతులతో పోసి, ఆ పిల్ల పొట్ట కొట్టాను.

అన్నయ్యకి చెప్పాను. కాళ్ళు పట్టుకుని చెప్పాను. గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇక నా మొహం చూడడేమో. చూడకపోయినా తప్పులేదు.

పరమేశ్వరి


కొరాపుట్
ఏప్రిల్ 1

పద్మకి,

నా అక్షరాలు పోల్చుకోగలవా? ఎడంచెయ్యి కాగితాన్ని పట్టదు, పలక బరువు పెట్టి రాస్తున్నాను. మూడు రోజులు పట్టింది.

నీ ఉత్తరాలన్నీ చదివాను. పరమేశ్వరి తలగడ కింద దాచుకుంటుంది. నెలన్నరగా నా గొంతు గురించి మీ ఇద్దరూ కొట్టుకుంటున్నారు. నన్ను ఒక్కరూ అడగలేదు. నువ్వు అడగలేదు, అది అడగలేదు. అది ఆవేశపడుతుంది, నువ్వు కేకలేస్తావు, మధ్యలో నేనొక బస్తాని. మొదట ఆ కోపం తీర్చుకున్నాను. ఇప్పుడు నా సంగతి చెబుతాను.

తీర్థం నీళ్ళేనని నాకు మొదటిరోజు నుంచీ తెలుసు.

లిప్సా నాకు బొమ్మ గీసి మరీ చూపించింది. తిండి ఏ దారిన పోవాలో, నీళ్ళు ఏ దారిన జారతాయో. నాకు అర్థమైంది. మర్నాడు పొద్దున్న పరమేశ్వరి ఉద్ధరిణె తెచ్చింది. నోరు మూసుకుంటే సరిపోయేది. తెరిచాను. పద్మా, గొట్టంలోంచి ఎన్ని నీళ్ళు పోసినా నాలుక తడవదు. నాలుక అట్టముక్కైపోతుంది. రోజంతా, రాత్రంతా ఆ మూడు చుక్కల కోసమే కాచుకునేవాణ్ణి. కళ్ళకద్దుకునేది భక్తితో కాదు, ఆత్రం కనబడకూడదని. దగ్గొస్తే బిగపట్టుకునేవాణ్ణి. పట్టలేనప్పుడు అది నీ పేరు చెప్పి నవ్వేది, నేనూ నవ్వేవాణ్ణి.

ఆ ఫిర్యాదు చదివాను. ఒక్క ముక్క నిజం లేదని నాకు తెలుసు. నిజం చెబితే తీర్థం ఆగిపోతుంది. ఆ పిల్ల నాకు మింగడం నేర్పింది, నేను మూడు చెంచాల నీళ్ళ కోసం దాని ఉద్యోగం తీసేశాను. ముప్పైయేళ్ళ వ్యాపారంలో కాటా దగ్గర ఎవర్నీ మోసం చెయ్యనివాణ్ణి.

శనివారం పెద్ద డాక్టరుకి నా చేత్తో రాసి ఇచ్చాను. లిప్సా తప్పు లేదని, తెలిసి నీళ్ళు తాగింది నేనని, తెలిసి సంతకం పెట్టింది నేనని. తీసుకుని లోపల పెట్టారు. వచ్చే సోమవారం కూర్చుని ఆలోచిస్తారట. ఆ పిల్లని తిరిగి పిలుస్తారో లేదో ఎవరూ చెప్పలేదు. కారణం తెలిసింది కాబట్టి పొట్టకి గొట్టం వెయ్యడం మూడు వారాలు ఆపుతానన్నాడు డాక్టరు.

ఆదివారం లిప్సా వచ్చింది. నేనే కబురు పెట్టాను. పరమేశ్వరి చీర కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పోయింది. ఆ పిల్ల కూర్చోలేదు. నిలబడే నా కాగితం నకలు చదివి, అడిగింది. "దాహం అని నాతో ఎందుకు చెప్పలేదు మవుసా? దూది తడిపి నోట్లో పెట్టేదాన్ని. గంటకోసారి పెట్టేదాన్ని. అడిగి ఉంటే చాలు."

అడగలేదు. అడగొచ్చని తోచలేదు.

వెళ్ళేముందు గొంతుముడి మీద రెండు వేళ్ళు పెట్టి మింగమంది. మింగాను. ఇంకోసారి అంది. కసరత్తులకి లేజర్ అక్కర్లేదు, మానొద్దు అని చెప్పి వెళ్ళిపోయింది. నవ్వలేదు. తిట్టినా బాగుండేది.

ఇంకొకటి మిగిలింది. నాకు ముందే తెలుసన్న సంగతి పరమేశ్వరికి తెలియదు. డాక్టరుకిచ్చిన కాగితం ఒడియాలో రాశాను, దానికి ఆ లిపి చదవడం రాదు. అంతా తన చేతులతోనే జరిగిందనుకుంటోంది. నేను గోడవైపు తిరిగింది కోపంతో అనుకుంటోంది. సిగ్గుతో తిరిగాను. రోజూ నా మంచం కోడు పట్టుకుని కూర్చుని ఏడుస్తుంది. నేను వింటూ పడుకుంటాను. నోటి చివరిదాకా వచ్చి ఆగిపోతోంది.

నువ్వొచ్చి చెప్పు. నీకు చేతనవుతుంది. తర్వాత నన్నేమన్నా అను, పడతాను.

సోమేశ్వరరావు


రాయగడ
ఏప్రిల్ 2

ఏవండీ,

చెప్పను.

ఆ ఫిర్యాదు రాయించింది నేను. లిప్సా కాళ్ళమీద పడాల్సింది నేను, బొయిపరిగుడ ఎంత దూరమైనా వెళ్ళి పడతాను. నా వంతు మీమీదికి నెట్టడం లేదు. మీ వంతు నామీదికి నెట్టకండి. ఇరవైతొమ్మిదేళ్ళు మీరు పైకి చెప్పలేనివన్నీ నా నోటితో చెప్పించారు. రైతుకి ధర తగ్గించాలంటే నేను, బంధువుని గుమ్మంలోంచి పంపాలంటే నేను. మంచివారు మీరు, గయ్యాళిని నేను. ఇది మాత్రం నేను చెప్పను.

కొట్టు మూశాను. లారీలు వెనక్కి పంపేశాను. ఎల్లుండి దుర్గారావు బస్సుకి వస్తున్నాను, తొమ్మిదింటికి దిగుతాను. దూదీ, గిన్నే సిద్ధంగా పెట్టించండి, గంటకోసారి నేను తడుపుతాను. ఆ పని నాకు వదిలెయ్యండి.

పరమేశ్వరిని ఎదురుగా కూర్చోబెట్టుకుని మీ గొంతుతోనే చెప్పండి. పలక వద్దు. ఎంతసేపు పట్టినా పట్టనివ్వండి. మీరు చెప్పడం అయ్యేదాకా నేను గుమ్మం బయటే నిలబడతాను. ఎండగా ఉన్నా సరే, అది నన్ను లోపలికి రమ్మని పిలిచినా సరే, రాను.

పద్మ